నలభై మూడో నిమిషం

కొరియర్ కుర్రాడు సంతకం అడిగాడు.
అట్టపెట్టెలో అరచేతంత సినిమా.
మొదటిసారి ఈ ఊరొచ్చినప్పుడు
పద్నాలుగు రీళ్లు, ఏడు డబ్బాలు, ఒక రిక్షా,
స్టేషన్ నుంచి పూర్ణా మార్కెట్ దాకా చెమట.
తొమ్మిది రోజులు ఆడింది.
పదో రోజు నేను వెళ్లేసరికి
పోస్టరు మీద ఇంకో పోస్టరు,
జిగురు తడి ఆరలేదు.

ఇప్పుడు పెట్టె మీద రాశారు:
అసలు నెగిటివ్ నుంచి, ఫ్రేము ఫ్రేమూ కడిగి,
గీతలు తుడిచి, రంగులు సరిదిద్ది.
లోపల చిన్న పుస్తకం. ఎవరో ప్రొఫెసరు
ఇది ఎందుకు గొప్పదో పన్నెండు పేజీలు రాశాడు.
అల్లిపురంలో నా కేసెట్ల కొట్టుకొచ్చే
పోర్టు కలాసీలెవరూ దీన్ని గొప్పదనలేదు.
"ఉందా, బయటికెళ్లిందా?" అనడిగేవారు, అంతే.

ఊరంతటికీ ఒకటే కాపీ.
రోజుకి ఐదు రూపాయలు,
రివైండ్ చేయకపోతే ఇంకో రూపాయి.
వెనక ప్లాస్టిక్ ముక్క విరవడం నేనే మరిచాను.
ఎవరో అద్దెకి తీసుకెళ్లి
మా బొమ్మ మీద తమ బొమ్మ ఎక్కించేశారు.

నలభై మూడో నిమిషం.
హీరోయిన్ తలుపు గడియ తీయబోతుంది,
చెయ్యి పైకి లేస్తుంది,
టక్.
ఎవరింట్లోనో పుట్టినరోజు.
గోడకి గులాబీ కాగితాల తోరణం,
కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వుతూ ఒకావిడ
"నన్నేటి తీస్తావు?
ముందల కేకు తియ్యరా సచ్చినోడా!"
రెండు నిమిషాల పది సెకన్లు.
టక్.
తలుపు తెరిచే ఉంటుంది. హీరోయిన్ ఏడుస్తుంటుంది.

మొదట తిట్టుకున్నాను. రిజిస్టరు తిరగేసి
అనుమానం ఉన్న పేర్ల కింద గీతలు గీశాను.
తర్వాత అలవాటైంది.
తర్వాత జనం ఆవిడ కోసమే అడిగారు.
డాబాగార్డెన్స్ మేడమీద గదిలో పాతికమంది,
ఆవిడ రాగానే ఈలలు,
ఆ మాట ఆవిడతో పాటు అందరూ.
డాక్‌యార్డు అప్రెంటిసు మురుగేశు వాదించేవాడు,
దర్శకుడు కావాలనే పెట్టాడని,
తలుపవతల లోకం నవ్వుతోందని చెప్పడానికట.
నేను కాదనలేదు.
వ్యాపారం.

హుద్‌హుద్ వచ్చిన ఆదివారం
కొట్టు రేకులు ఎటుపోయాయో తెలీదు.
మర్నాడు కరెంటు తీగలకీ, కూలిన బాదం చెట్టుకీ
నల్లటి టేపు జడలు జడలుగా,
ఎండకి తళతళమంటూ.
ఆవిడ అందులో ఏ కొసనుందో.

ఇవాళ సాయంత్రం పైడయ్యని పిలిచాను.
జ్ఞానాపురం నుంచి ఆటోలో వచ్చాడు.
ఆ తొమ్మిది రోజులూ ప్రొజెక్టరు తిప్పింది వాడే.
శుక్లాలు తీయించుకుని నెలయింది.
"నాకూ గీతలు తుడిసీసినార్రా" అన్నాడు.
ఎన్నోసారో మళ్లీ అడిగాను, అక్కడ అసలేముందని.
"నాకేటి తెలుసు? రీలు మార్పు అక్కడే.
రెండో మిషను కాడ వంగున్నాను."

డిస్కు పెట్టాం.
అబ్బ, సముద్రం!
డాల్ఫిన్ నోస్ అంచున రాళ్లు లెక్కపెట్టొచ్చు.
జాలరిపేట మనిషి తట్ట దించితే
చేపల కళ్లలో ఆకాశం.
ఇన్నేళ్లూ బూడిదరంగనుకున్న చీర
ఆకుపచ్చదట.

నలభై మూడు.
చెయ్యి లేచింది. గడియ మీద ఆగింది.
ఆగే ఉంది.
అవతల అడుగులు. వెళ్తున్నాయో, తిరుగుతున్నాయో.
ఆవిడ మెడ దగ్గర నరం కొట్టుకోవడం కూడా కనిపిస్తోంది.
ప్రొఫెసరు చెప్పింది నిజమే.
సినిమా అంతా ఇక్కడే ఉంది.
గుండెకాయ లేని సినిమాని
పదిహేనేళ్లు అద్దెకిచ్చాను నేను.

అయినా ఆ నిశ్శబ్దంలో
నా పెదాలు దేన్నో తడుముకుంటున్నాయి.
పక్కకి చూస్తే పైడయ్య,
తెరమీంచి కొత్త కళ్లు తిప్పకుండా,
చాలా మెల్లగా,
తలుపవతల మనిషికి చెప్పినట్టు:
"ముందల కేకు తియ్యరా సచ్చినోడా."

అప్పుడు తీసింది ఆవిడ, గడియ.